గుండెపోటుకు ఐదు లక్షలు, బీపీ మాత్రకు రూపాయి లేదా? కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి శ్రీ జగత్ ప్రకాశ్ నడ్డా గారికి,

నమస్కారాలు.

నేను గోదావరి జిల్లాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. డాక్టరు గారు రాసిన చీటీ చూసి మందులిచ్చే కిటికీ వెనకే నా ఉద్యోగ జీవితం గడిచింది. పెద్ద ఆసుపత్రుల సంగతి నాకు పెద్దగా తెలియదు. పల్లెలో మనిషికి మందు అందితే ఏమవుతుందో, అందకపోతే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. ఆ ఎరుకతోనే మీకు రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. దేశంలో బీపీ, షుగర్ ఉన్న ప్రతి మనిషికీ తన ఊరి ఆరోగ్య కేంద్రంలోనే నెలకు సరిపడా మాత్రలు ఉచితంగా, ఒక్క నెల కూడా తప్పకుండా అందాలి. ఏడాదికి ఐదు లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ కార్డు విషయంలో మీ ప్రభుత్వం చూపిన పట్టుదలను ఈ మాత్రల విషయంలోనూ చూపాలి.

బీపీ, షుగర్ రోగులు వచ్చే రోజున మా కిటికీ ముందు వరస పొడుగ్గా ఉంటుంది. అరవై దాటినవాళ్లే ఎక్కువ, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో పాత చీటీలు, అయిపోయిన మాత్రల షీట్లు. మందు పేరు నోరు తిరగదు కాబట్టి ఖాళీ షీటు తీసి చూపిస్తారు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. తిప్పితిప్పి ఈ నాలుగైదు మందులే. ఖరీదైనవేమీ కావు. ప్రభుత్వం టోకున కొంటే ఆమ్లోడిపిన్ మాత్ర ఒక్కొక్కటి రూపాయి లోపే పడుతుంది.

స్టాకు నిండుగా ఉన్న నెలలో మనిషికి ముప్పై మాత్రలు ఇచ్చేవాళ్లం. స్టాకు పలచబడేకొద్దీ పదిహేను, ఆ తరువాత పది. అందరికీ ఎంతోకొంత అందాలి కదా అని. కానీ పది రోజులకొకసారి రావాలంటే రానూపోనూ ఆటో ఛార్జీ, పైగా ఒక రోజు కూలి పోతుంది. నాట్ల సమయంలోనో కోతల సమయంలోనో ఆ కూలి వదులుకోవడం ఎవరి తరం? అందుకని వాళ్ల లెక్కలు వాళ్లు వేసుకుంటారు. "రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను బాబూ, ఇవి ఇరవై రోజులు వస్తాయి" అని ఒక పెద్దావిడ నాతో అన్నారు. బీపీ మాత్ర రోజూ వేసుకోవాలని ఆమెకు తెలియక కాదు. ఎన్నిసార్లు చెప్పి ఉంటామో. తెలిసి, చేతిలో ఉన్న మాత్రలనూ రాబోయే రోజులనూ లెక్కపెట్టుకుని ఆమె ఆ నిర్ణయానికి వచ్చారు. ఆరోగ్య విద్య లేకపోవడం వల్లే జనం మందులు మానేస్తున్నారని సమావేశాల్లో విన్నప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తారు.

మాత్రలు ఎందుకు చాలవో కూడా చెప్పాలి మంత్రి గారూ. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. లెక్క కట్టే పద్ధతిలోనే లోపముంది. బయటివాళ్లకు ఇది కనిపించదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నాలుగు వందల మంది బీపీ రోగులున్న కేంద్రం ఒకటి అనుకోండి. రోజుకొక మాత్ర చొప్పున నెలకు పన్నెండు వేల మాత్రలు కావాలి. జిల్లా మందుల గిడ్డంగి నుంచి ఏడు వేలే వచ్చాయి. ఆ ఏడు వేలూ పంచేశాం. కంప్యూటర్లో ఆ నెల వినియోగం ఏడు వేలుగా నమోదవుతుంది. కిటికీ దాకా వచ్చి ఉత్తచేతులతో తిరిగి వెళ్లినవాళ్లు ఏ రిజిస్టరులోనూ ఉండరు. మరుసటి ఏడాది ఇండెంటు, అంటే ఏ మందు ఎంత కావాలో రాసే కోరిక పత్రం, పెట్టేటప్పుడు పోయిన ఏడాది వినియోగమే ప్రాతిపదిక. ఏడు వేలు వాడారు కాబట్టి ఏడు వేలు, మహా అయితే దాని మీద ఓ పది శాతం. అంటే ఒక ఏడాది వచ్చిన కొరత మరుసటి ఏడాదికి అవసరంగా మారిపోతుంది. పై అధికారి ముందున్న కాగితం మీద మాత్రం ఇండెంటు పెట్టినంతా ఇచ్చినట్టే ఉంటుంది, వంద శాతం సరఫరా జరిగినట్టే ఉంటుంది. ఎవరూ అబద్ధం రాయలేదు. అయినా రోగికి మందు లేదు.

మరోవైపు మేము అడగని సిరప్‌లు పెట్టెలకు పెట్టెలు వచ్చేవి. గడువు దగ్గరపడిన సరుకు పై నుంచి కిందికి దిగుతుంది, కింద ఉన్న మేము దాన్ని పంచలేక, పారేయలేక సంజాయిషీలు రాసుకుంటాం. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

దీనికి మందు కష్టమైనది కాదు. ఇండెంటును పాత వినియోగం మీద కాకుండా రోగుల సంఖ్య మీద కట్టాలి. ఆ సంఖ్య కోసం కొత్తగా సర్వే చేయనక్కరలేదు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేయించి, అసంక్రమిత (ఒకరి నుంచి ఒకరికి అంటుకోని) వ్యాధుల జాతీయ పోర్టల్‌లో పేరుపేరునా నమోదు చేయిస్తున్నది మీ శాఖే. ఏ ఊళ్లో ఎంతమందికి బీపీ ఉందో ఢిల్లీలో కూర్చుని చూడగలరు. ఆ పేర్లున్న కంప్యూటరుకూ, మందుల గిడ్డంగి కంప్యూటరుకూ మధ్య మాత్రం మాటల్లేవు. ఆ రెండింటినీ కలపండి. నాలుగు వందల పేర్లుంటే పన్నెండు వేల మాత్రలు, వాటికి తోడు మూడు నెలల అదనపు నిల్వ. అంతే.

ఆ పోర్టల్ గురించి ఇంకొక మాట. ఏఎన్‌ఎంలకు లక్ష్యాలు పెట్టేది ఎంతమందిని పరీక్షించారన్న దాని మీద. పరీక్షించిన తరువాత ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ. లెక్క దేని మీద అడిగితే పని దాని మీదే సాగుతుంది. వీధి అరుగు మీద కూర్చుని ముప్పై మందికి బీపీ చూసి, ముప్పై మంది వివరాలు ఫోనులో ఎక్కించేసరికి ఏఎన్‌ఎంకు పొద్దు గూకుతుంది. ఆ ఒక్క యాప్‌తో అయిపోతుందా? టీకాలకు ఒకటి, గర్భిణులకు ఒకటి, క్షయ రోగులకు ఒకటి. పోయినసారి బీపీ 170 ఉన్న మనిషి ఇంటికి మళ్లీ వెళ్లి, మాత్ర వేసుకుంటున్నారా, కాళ్లు వాచాయా అని అడిగే తీరిక ఆమెకు దొరకదు. బీపీ, షుగర్ ఉన్న 7.5 కోట్ల మందిని 2025 నాటికి ప్రామాణిక చికిత్స కిందికి తెస్తామని 2023 మేలో మీ శాఖ లక్ష్యం పెట్టుకుంది. మంచి లక్ష్యం. చికిత్స కింద పేరు ఉండటం వేరు, బీపీ 140 లోపు ఉండటం వేరు. రెండో సంఖ్యను ప్రతి మండలానికీ ప్రకటించమని కోరుతున్నాను. ఆ సంఖ్య బయటికి వచ్చిన రోజున ఎక్కడ మాత్రలు అందడం లేదో దానంతట అదే తెలుస్తుంది.

ఇది కొద్దిమంది సమస్య కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది, పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా రక్తపోటు ఉంది. మా తరంలో పల్లెకు భయం పుట్టించినవి కలరా, మలేరియా. ఇప్పుడు పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ వైఫల్యం. వీటిలో చాలా భాగం మాత్రతో ఆపగలిగినవే. ఆపకపోతే వచ్చే రోజున ఏం జరుగుతుందో కూడా చూస్తూనే ఉన్నాం.

రోజు విడిచి రోజు మాత్ర వేసుకునే మనిషికి ఒక తెల్లవారుజామున మూతి వంకర పోతుంది, కుడి చెయ్యి లేవదు. 108కి ఫోను చేస్తారు. అంతవరకూ మేలే, ఆ సేవ 2005లో హైదరాబాద్‌లోనే పుట్టి దేశమంతా పాకింది, మాకు ఆ గర్వం ఉంది. కార్డు చూపిస్తే నగరంలో ఆసుపత్రి చేర్చుకుంటుంది. వేలు, ఒక్కోసారి లక్షలు ప్రభుత్వం చెల్లిస్తుంది. ఆయుష్మాన్ భారత్ కింద ఆసుపత్రిలో చేరడానికి మూడు రోజుల ముందు నుంచి, ఇంటికి వచ్చాక పదిహేను రోజుల వరకు మందులకు లెక్క ఉంది. పదహారో రోజున ఆ మనిషి మళ్లీ మా కిటికీ దగ్గరికే రావాలి. ఈసారి నడిచి రాలేరు. కొడుకో కోడలో వస్తారు. స్టాకు అప్పుడూ పది మాత్రలే ఉండవచ్చు. పక్షవాతం వచ్చాక లక్ష ఖర్చు పెట్టడానికి వెనకాడని వ్యవస్థ, అది రాకుండా చూసే మాత్రకు ఏడాదికయ్యే కొద్ది వందల దగ్గర చెయ్యి బిగిస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం దీన్నే అంటారు.

కార్డు వద్దని నేను అనడం లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను. గుండెకు చిల్లుపడిన పిల్లలు ఆపరేషన్ చేయించుకుని తిరిగి రావడం కళ్లారా చూశాను. అంతకుముందు ఆ తల్లిదండ్రులకు ఏడుపు తప్ప దారి లేదు. 2018 సెప్టెంబరులో రాంచీలో ఆయుష్మాన్ భారత్ ప్రారంభమైనప్పుడు ఆరోగ్య మంత్రి మీరే. 2024లో డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పనిలేకుండా దాన్ని విస్తరించారు. వీటిని కాదనగలిగేవాళ్లు ఎవరున్నారు? అయితే ఆరోగ్యశ్రీతో మాకున్న అనుభవం దేశంలో చాలా రాష్ట్రాలకంటే పాతది కాబట్టి దాని రెండో ముఖం కూడా మేమే ముందు చూశాం. పథకం పరిమితి రెండు లక్షల నుంచి ఐదు లక్షలకు, తెలంగాణలో పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఐదు లక్షలకు పెరిగింది. బకాయిలు పేరుకుపోయి ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులివ్వడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. ఏ ప్రభుత్వం వచ్చినా పరిమితి పెంచుతామనే చెబుతుంది. ఉప కేంద్రంలో మాత్రలు ఎన్ని రోజులు ఉన్నాయో ఎన్నికల ప్రచారంలో ఎవరూ మాట్లాడరు.

మన జనం జేబులోంచి పెట్టే ఖర్చు తగ్గిందని కేంద్ర ప్రభుత్వ జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మొత్తం ఆరోగ్య వ్యయంలో 2013-14లో 64.2 శాతంగా ఉన్నది 2021-22 నాటికి 39.4 శాతానికి దిగింది. దిగినందుకు సంతోషమే. అయినా ప్రతి వంద రూపాయల్లో దాదాపు నలభై ఇంకా రోగే పెట్టుకుంటున్నాడు. అందులో పెద్ద వాటా ఆసుపత్రి మంచానిది కాదు, మందుల షాపుది. కార్డు పనిచేసేది మంచం ఎక్కినప్పుడు. జేబు ఖాళీ అయ్యేది నెలనెలా, నిలబడి మందులు కొనేటప్పుడు. ఈ రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయన్నదే నా బాధ.

ఇది సాధ్యమేనా అని మీ అధికారులు అడగవచ్చు. పక్క రాష్ట్రానికి వెళ్లి చూడమనండి. తమిళనాడు 1994లోనే వైద్య సేవల కార్పొరేషన్ పెట్టుకుంది. జిల్లాకొక గిడ్డంగి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాసు పుస్తకం. ఏడాదికి ఎంత విలువైన మందులు తీసుకోవచ్చో అందులో రాసి ఉంటుంది; ఏ మందు ఎంత కావాలో ఆసుపత్రే నిర్ణయించుకుంటుంది. పై నుంచి ఎవరో నింపి పంపే పెట్టెలు కావవి. గిడ్డంగికి వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ నాణ్యత పరీక్ష జరిగాకే మాత్ర బయటికి కదులుతుంది. సర్కారు మందు పనిచేయదనే అపనమ్మకం పోవాలంటే ఈ పరీక్షే ప్రాణం. 2021 ఆగస్టు నుంచి వాళ్లు బీపీ, షుగర్ మాత్రలను ఇంటింటికీ తీసుకువెళ్లి ఇస్తున్నారు. రాజస్థాన్ 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకం మొదలుపెట్టింది, ప్రభుత్వాలు మారినా అది నిలిచింది. అంతదాకా ఎందుకు, మీ శాఖ, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపిన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి దశలోనే తెలంగాణ ఉంది. అక్కడ చేసింది కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. తక్కువ రకాల మందులతో ఒకే చికిత్సా క్రమం, తెగని సరఫరా, ముప్పై రోజులకు సరిపడా మాత్రలు, రానివాళ్లకు ఫోను. 2022లో ఐక్యరాజ్య సమితి పురస్కారం వచ్చింది దానికి. పురస్కారం పొందిన పద్ధతిని దేశమంతటికీ హక్కుగా ఇవ్వడానికి అడ్డేమిటి?

డబ్బు విషయానికి వస్తాను. 2017 మార్చిలో జాతీయ ఆరోగ్య విధానం వెలువడినప్పుడు ఈ శాఖ మీ చేతిలోనే ఉంది. 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని జీడీపీలో 2.5 శాతానికి చేరుస్తామనీ, అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి కేటాయిస్తామనీ ఆ విధానంలో రాశారు. 2021-22 లెక్కల్లో కనిపించినది 1.84 శాతం. 2025 వచ్చింది, వెళ్లింది. ఆ మాట మీ హయాంలో ఇచ్చినది కాబట్టే ఈ లేఖ మీ పేర రాస్తున్నాను. ఆ కాగితం మీద ఉన్నది ఏమిటో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉందన్న జవాబు నాకు తెలుసు. రాజ్యాంగం ప్రకారం నిజమే. కానీ చాలా రాష్ట్రాల్లో జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బులో అరవై శాతం కేంద్రానిదే, ఆ డబ్బు వెంట షరతులూ వస్తాయి. ఆరోగ్య కేంద్రాల పేరు, గోడ రంగు ఎలా ఉండాలన్న దాని మీద కేంద్రానికీ కొన్ని రాష్ట్రాలకూ వచ్చిన తగవులు నిధుల దాకా వెళ్లాయి. పేరు బోర్డు విషయంలో పెట్టగలిగిన షరతును మాత్రల విషయంలోనూ పెట్టవచ్చు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అన్న బోర్డు ఉన్న ప్రతి చోటా బీపీ, షుగర్ మందులు ఏ రోజుకు ఎన్ని ఉన్నాయో ప్రజలందరికీ కనిపించేలా పెట్టమనండి. ఊళ్లో చదువుకున్న కుర్రాడు ఫోనులో చూసి అడగగలగాలి. అడిగేవాడు ఉంటే గిడ్డంగి లారీ ఆలస్యం కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి మీరు వినే ఉంటారు. అక్కడి కిడ్నీ జబ్బుకు మూలం ఏమిటో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుతూనే ఉన్నారు. అది బీపీ, షుగర్ల కథ కాదు. కానీ డయాలసిస్ దాకా వెళ్లిన కుటుంబం ఎలా చితికిపోతుందో దేశంలో ఎవరైనా తెలుసుకోవాలంటే ఉద్దానం వెళ్లాలి. వారానికి రెండు మూడు సార్లు యంత్రం దగ్గర కూర్చోవాలి. వెంట ఒకరు రావాలి. డయాలసిస్ ఉచితమైనా ఇద్దరి కూలి పోతుంది. మిగతా దేశంలో షుగర్ వల్ల, బీపీ వల్ల అదే యంత్రం దగ్గరికి చేరుతున్న లక్షల మందిని ముందే ఆపగలం. ఏడాదికి ఒకసారి మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, రోజూ మాత్ర. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరగాలి. జిల్లా కేంద్రానికి వెళ్లమంటే సగం మంది వెళ్లరు.

ఈ పని చేయాల్సింది ఎవరు? ఆశా కార్యకర్తలు. 2005 నుంచి వాళ్లను స్వచ్ఛంద సేవకులనే పిలుస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వాళ్లను సత్కరించింది. వాళ్లకు జీతం లేదు, పారితోషికాలున్నాయి. రాష్ట్రానికొక రకంగా, నెలకొక రకంగా. ఒక మనిషి మాత్ర మానేశారని ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది ఆశాకే. ఆ ఇంటికి మళ్లీమళ్లీ వెళ్లి వాళ్లను దారికి తెచ్చే ఓపిక కూడా ఆమెదే. ఆ పనికి ఒక నిర్ణీత వేతనం కట్టండి. సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో స్పెషలిస్టుల కొరత దాదాపు ఎనభై శాతమని మీ శాఖ గణాంకాలే చెప్పాయి. ఆ కొరత ఏళ్లకు గానీ తీరదు. కానీ మాత్ర ఇవ్వడానికి స్పెషలిస్టు అక్కరలేదు.

నేను రాసినవాటిలో నిధులకు ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, ఆశాల వేతనానికి రాష్ట్రాలు కలిసిరావాలి. సమయం పడుతుందని తెలుసు. రెండు పనులకు మాత్రం మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు. బీపీ, షుగర్ మందుల ఇండెంటును పాత వినియోగం మీద కాకుండా నమోదైన రోగుల సంఖ్య మీద కట్టాలన్నది ఒకటి. ఏ రోగికీ ముప్పై రోజులకు తక్కువ మాత్రలు ఇవ్వరాదన్నది, అదుపులో ఉన్నవాళ్లకు మూడు నెలలకు ఒకేసారి ఇవ్వాలన్నది రెండోది. రాష్ట్రాలు వచ్చే ఏడాది ఇండెంట్లు ఖరారు చేసేలోపే ఆ ఉత్తర్వు వాళ్లకు చేరాలి. తరువాత వస్తే ఇంకో ఏడాది పాత లెక్కే నడుస్తుంది.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ప్రభుత్వ ఫార్మసిస్టు,
గోదావరి జిల్లాలు, ఆంధ్రప్రదేశ్